ఆవలి బండి వియ్యపురాలు

సోమవారం, తొలి షిఫ్టు దిగాక

ఇచ్చారు! బండి నాకిచ్చేశారు! చుట్టు లైను రెండో బండి, ఆరు పెట్టెలది, నీలం రంగుది. షెడ్డు మేస్త్రీ గారు తాళం నా అరచేతిలో పెట్టి "జాగర్తమ్మా" అని ఒక్క మాట అన్నారంతే. నేను ఊరుకుంటానా? మెట్టుకు దండం పెట్టాను, సీటుకు దండం పెట్టాను, సంబరం పట్టలేక హారను వరసగా నాలుగుసార్లు మోగించాను. నాలుగుసార్లు మోగిస్తే బండి దిగి పారిపొమ్మని అర్థమట! సగం ప్లాట్‌ఫారం లేచి పరుగు లంకించుకుంది. చక్రం కదలకముందే చీవాట్లు తిన్న డ్రైవర్ని తెప్పలూరులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

షిఫ్టు దిగాక డ్రైవరు రాయాల్సింది మూడు ముక్కలు. బండి ఎలా ఉంది, ఎంత బరువు మోసింది, ఊరు ఎటు వాలింది. రాస్తున్నాను. బండి బంగారం. బరువు మామూలే. ఊరు ఎటూ వాలలేదు. ఇక మిగతాదంతా నా సొద. మేస్త్రీ గారు చదివి తిడితే తిట్టనీ, ఇవాళ రాయకపోతే నాకు అన్నం సయించదు.

నా పేరు గరికిన మసేనమ్మ. పదకొండో తెప్ప నుంచి బండెక్కిన మొదటి డ్రైవర్ని. మా ఊళ్ళను సముద్రం మింగేశాక మావాళ్ళంతా కలిసి ఒక పెద్ద తెప్ప కట్టుకుని, ఇళ్ళూ వాకిళ్ళూ దానిమీదే లేపుకుని, లాగించుకుంటూ వచ్చి ఈ దేశానికి చేరుకున్నాం. దేశమంటే ఎంతని! పది తెప్పలు గుండ్రంగా కూడి నీళ్ళ మీద తేలే ఒక్క ఊరు, ఈ తెప్పలూరు. జెండా ఉంది, సభ ఉంది, రైలుంది. పదో తెప్పకూ ఒకటో తెప్పకూ నడుమ ఉన్న ఖాళీలో మమ్మల్ని పెట్టారు. పాత పది తెప్పలకూ ఒకదానికొకటి విడిపోని అతుకు వేసి ఉంటుంది. మమ్మల్ని మాత్రం మరలు పెట్టి బిగించారు. ఏడాదిపాటు ఊరు కుదురుగా ఉంటే మాకూ అతుకు వేస్తారు. లేకపోతే మరలు విప్పి వదిలేస్తారు. వదిలేస్తే వెనక్కి వెళ్ళడానికి మాకు ఊరంటూ లేదు. ఏడాది ఇంకా నిండలేదు.

అందుకే ఇవాళ పదకొండో తెప్ప స్టేషన్లో నా బండి ఆగగానే మావాళ్ళు చేసిన గోల అంతా ఇంతా కాదు. మా పెద్దమ్మ పోలమ్మ బండికి ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. "మన గుంట బండి తోల్తంది! సూడండ్రా, మన గుంటే!" అని ఆరు పెట్టెలూ తిరిగి చెప్పింది. నేనెవరి గుంటనో తెలుసుకోకుండా ఆ బండి ఒక్కరూ దిగలేదు.

చుట్టు లైను మీద నడిచేవి రెండే బళ్ళు. నాది ఇక్కడుంటే ఇంకొకటి సరిగ్గా ఆవల ఉండాలి. ఊరు తేలేది కాబట్టి రెండు బళ్ళూ ఒకే పక్కకు చేరాయంటే ఆ పక్క ఇళ్ళల్లో మంచాల కిందికి నీళ్ళొస్తాయి. నేను కదిలితే ఆవిడ కదలాలి, నేను ఆగితే ఆవిడ ఆగాలి. అలా ఒకరి మర్యాద ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఆవలి బండి డ్రైవరును ఇక్కడ వియ్యంకుడనో వియ్యపురాలనో అంటారు. నా వియ్యపురాలు తెడ్డు ఎల్లాజమ్మ గారు. అయిదో తెప్ప మనిషి, ఈ లైను మీద అందరికంటే సీనియరు. రేడియోలో మొదటి మాటే దెప్పుడు.

"ఏటమ్మా వియ్యపురాలా, పిల్లనివ్వకముందే మేళం మోగించీసినావు?"

"సంబరం వదినా, తప్పు కాయండి."

"తప్పేటి గానీ, కాస్త బేగి కదులు. నువ్వు మెల్లిగెల్తే నానూ మెల్లిగెల్లాలి. ఇక్కడ మావోళ్ళు నన్ను తిడతన్నారు."

బేగి కదిలాను. రోజంతా నవ్వుతూనే ఉన్నాను, బుగ్గలు నొప్పి పుట్టాయి.

బుధవారం

ఇవాళ పెళ్ళి మోశాం! నాలుగో తెప్పలో పెళ్ళి, ఊళ్ళో చుట్టాలంతా అక్కడికే చేరారు. అలాంటప్పుడు పెళ్ళివారు ముందే చెప్పుకుంటే మేం గూడ్సు పెట్టెల్లో నీళ్ళ పీపాలు నింపి, బరువు సరితూగేలా ఆవల తొమ్మిదో తెప్పలో తాళి కట్టేదాకా నిలబెడతాం. ఆ పీపాలు లాక్కెళ్ళే పని నాకు పడింది. పీపాల దగ్గర కాపలా ఉన్నవాళ్ళను పెళ్ళివారు మగపెళ్ళివారితో సమానంగా చూడాలి, అది ఇక్కడి ఆచారం. విస్తరిలో రెండు రకాల పులుసు, బూరెలు. వడ్డించినవాడు "చాలా, ఇంకా వెయ్యనా?" అని అడిగిన ప్రతిసారీ నేను వెయ్యమన్నాను. తిరుగు ప్రయాణంలో బండి బరువు పెరిగిందంటే ఆ నేరం నాదే.

ఇంకో విశేషం. స్టేషన్లన్నిటిలో వాలు బోర్డులు వెలిగాయి. తూకం ఆఫీసు ఇంజనీరు పిల్లా జగన్నాయకులు గారు నా క్యాబిన్లోనే నిలబడి, ఒక్కో స్టేషన్లో బోర్డు వెలుగుతుంటే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. పచ్చ గీత దాకా ఊరు కుదురు. పసుపు గీత దాకా జాగ్రత్త. ఎర్ర గీత దాటితే ఇళ్ళల్లోకి నీళ్ళు. ఏ తెప్ప వైపు వాలిందో చెప్పడానికి ఒక బాణం గుర్తు.

"ఇన్నాళ్ళూ వాలు ఎవరి కాలికి తెలిస్తే వాళ్ళకు తెలిసేదమ్మా. ఇకమీదట ఊరందరికీ ఒక్కసారే తెలుస్తుంది" అన్నారాయన.

తెప్పలూరులో పిల్లలకు నడకతోపాటే ఒకటి నేర్పుతారు. నేల వాలిందా, ఎత్తు పక్కకు జరుగు. అంతే. అన్నం తింటున్నవాడు కంచంతో సహా జరుగుతాడు. కబుర్లాడుకుంటున్నవాళ్ళు మాట ఆపకుండానే అరుగు దాటి పక్క తెప్పకు నడిచిపోతారు. కొత్తవాళ్ళం కదా, మా కాళ్ళకు ఆ విద్య తొందరగా పట్టుబడలేదు, పాతవాళ్ళు జరిగాక చూసి జరిగేవాళ్ళం. ఇప్పుడు బోర్డు చూస్తే చాలు, అందరికంటే ముందే జరగొచ్చు. నాకైతే ఆ బోర్డులు తెగ నచ్చేశాయి.

శుక్రవారం

కాంటీనులో ఇడ్లీలు ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. బోర్డు చూస్తే బాణం పదకొండో తెప్ప వైపు, పచ్చ గీత దాటి కొంచెం.

నేను మా స్టేషన్ చేరేసరికి ప్లాట్‌ఫారం మీద జాతర! మావాళ్ళంతా నెత్తిన బిందెలు, చంకన డబ్బాలు పెట్టుకుని బండి కోసం నిలబడి ఉన్నారు. ముందు మా పెద్దమ్మ. ఇదంతా ఆవిడ ఏర్పాటే. వీధికొకరు బోర్డు కనిపెట్టుకుని ఉంటారట. బాణం మన వైపు తిరగగానే కేక వేస్తారట. ఆ కేక విన్నవాళ్ళు ఇంట్లో బరువున్నదేదో ఎత్తుకుని బండెక్కి ఆవలి పక్కకు వెళ్ళిపోవాలట.

"మనుషులెళ్తే చాలదా పెద్దమ్మా? బిందెలెందుకు?"

"నీళ్ళు బరువు కాదేటి? అలగని తాగే నీళ్ళు పారబోత్తామా? మోసుకెల్లి, బాణం తిరిగినాక మల్లీ మోసుకొచ్చీయడమే." ఆయాసం తీర్చుకుని మళ్ళీ అంది. "కొత్తోలమమ్మా. మనవల్ల వాలిందన్న మాట రాకూడదు."

నాకు గుండె నిండిపోయింది. ఇలాంటి జనానికి అతుకు వేయకపోతే ఇంకెవరికి వేస్తారు!

మధ్యాహ్నానికి బాణం అటు తిరిగి అయిదో తెప్పను చూపించింది. అయిదో తెప్పవాళ్ళు మాత్రం మావాళ్ళకు తీసిపోతారా? పిల్లా జెల్లా ఎల్లాజమ్మ గారి బండెక్కి ఇటు వచ్చేశారు. రెండు బళ్ళూ కిటకిట. ఎంత మర్యాదస్థుల ఊరండీ ఇది! ఇక్కడ రైలు తోలడం నా అదృష్టం.

మళ్ళీ సోమవారం

రికార్డు! రెండు బళ్ళూ పుట్టి బుద్ధెరిగాక ఇంత బరువు మోయలేదట. మేస్త్రీ గారు స్వయంగా చెప్పారు. నేను రేడియోలో అరిచేశాను. ఎల్లాజమ్మ గారికి అంత సంబరం లేదు.

"మీవోళ్ళు బిందెల్తో వచ్చి మా అరుగులన్నీ నింపీసినారు. మా మంచం మీద కూడా ఒక బిందుంది వియ్యపురాలా. నానెక్కడ తొంగోవాలి?"

"మీవాళ్ళు మా వైపొచ్చి మా పెద్దమ్మ చేసిన చేపల పులుసంతా ఊడ్చేశారు వదినా. చెల్లుకు చెల్లు."

ఆవిడ నవ్వింది గానీ, నవ్వాక గొంతు తగ్గించింది. "ఒక మాట సెప్తాను, మనసులో ఎట్టుకో. మా పెట్టెల్లో జనం ఒకటే అనుకుంటన్నారు. కొత్త తెప్ప తగిలిన కాడ్నుంచే ఊరూగతందని."

నాకు చర్రున కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ మాట అన్నవాళ్ళ మీద. కానీ ఊగడం మాత్రం నిజం. మొదట్లో బాణం పూటకొకసారి తిరిగేది. ఇవాళ అన్నం ఉడికేలోపు ఇటు, పులుసు మరిగేలోపు అటు. తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త ముందుకు వెళ్తోంది. పసుపు గీత మీదే ఆడుతోంది రోజంతా.

గురువారం

ఎర్ర గీత దాటింది. పొద్దున అయిదో తెప్పలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. కాసేపటికి మా తెప్పలో. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ పొయ్యిలన్నీ ఆరిపోయాయి, పిల్లలు జడుసుకున్నారు.

సభవాళ్ళు స్టేషన్ మైకుల్లో చెప్పేశారు. ఆదివారం మధ్యాహ్నానికి ఊరు కుదుటపడకపోతే పదకొండో తెప్ప మరలు విప్పుతారు. ఆ మాట వినేసరికి నేను బండి తోలుతున్నాను. బ్రేకు ఎక్కడుందో ఒక్క క్షణం గుర్తు రాలేదు.

జగన్నాయకులు గారు క్యాబిన్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. మనిషి సగమైపోయాడు. మా తెప్పలో ప్రతి గడపా తూకం వేయించారట.

"మేం ఒప్పుకున్న బరువు కంటే మీరు తక్కువే ఉన్నారమ్మా. మరి ఎందుకు ఊగుతోందో నాకు అంతు చిక్కడం లేదు. బోర్డులు సరిగ్గానే చూపిస్తున్నాయి. జనం క్షణాల్లో జరుగుతున్నారు. ఇంతకంటే బుద్ధిగా ఏ ఊరూ ఉండదు."

"ఆ మాట సభలో చెప్పండి సార్."

"చెప్పాను. కారణం చెప్పమన్నారు. కారణం నా దగ్గర లేదు."

మా పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఏర్పాటు ఇంకా గట్టిచేసింది. ఇవాళ బండెక్కినవాళ్ళు రుబ్బురోళ్ళు కూడా మోసుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగిపోయిన మనిషి, పెద్ద ఇత్తడి బిందె చంకనెత్తుకుని నా కళ్ళ ముందు మెట్టెక్కింది. "ఇలా ఇయ్యి పెద్దమ్మా, నేను క్యాబిన్లో పెడతాను" అంటే వినదే! "ఎవురి బరువు ఆలే మొయ్యాలి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియక సీటు మీద ఒక గుద్దు గుద్దాను.

ఆదివారం

ఇది షిఫ్టు దిగాక రాస్తున్నది కాదు. బండి ఆపి, క్యాబిన్లోనే కూర్చుని రాస్తున్నాను. ఒక చెయ్యి బ్రేకు మీదే ఉంది, అక్షరాలు ఎలా వస్తే అలా వస్తాయి.

పొద్దున్నే పదో తెప్పకూ మా తెప్పకూ మధ్య కీలు దగ్గర మరలు విప్పే మనుషులు దిగారు. విప్పేటప్పుడు ఎవరూ పడిపోకుండా ఊరంతటా తెప్పల నడుమ నడకదారులు మూసేశారు. ఇక జనం కదలాలంటే మా రెండు బళ్ళే దిక్కు. మధ్యాహ్నం దగ్గరపడుతుండగా బాణం మళ్ళీ మా వైపు తిరిగింది. స్టేషన్లో మావాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఈసారి కేకల్లేవు, కబుర్లు లేవు. బిందెలతో ఎక్కారు, సగం మందే పట్టారు, మిగతా సగం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారు. పెద్దమ్మ నా వెనక మొదటి పెట్టెలో కూర్చుని బిందెను ఒళ్ళో పెట్టుకుంది.

బండి కదిలింది. మలుపు తిరగగానే కీలు కనబడింది. ఒక మనిషి పెద్ద పానా భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఇంకొకడు మరలకు నూనె పోస్తున్నాడు. మమ్మల్ని విప్పడానికి నూనె! అది చూశాక నాకు ఇంకేమీ ఆలోచన రాలేదు. కీలు మీద బండి ఉండగా మర ముట్టుకోకూడదు, అది నిబంధన. నేను రేడియో అందుకున్నాను.

"వదినా, నేను ఆపుతున్నాను."

"స్టేషనొచ్చీసినాదా?"

"లేదు. కీలు మీద. మూడు పెట్టెలు అటు, మూడు పెట్టెలు ఇటు. బండి ఉంటే విప్పలేరు. నేను కదలను."

నేనాగి ఆవిడ ఆగకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆవిడ బండి కూడా ఇటు వచ్చేస్తుంది, మా తెప్ప మునిగేది ఖాయం. మా ప్రాణాలన్నీ ఆవిడ బ్రేకు మీద పెట్టి అడుగుతున్నాను.

"నీకు పిచ్చేటి పట్టినాదే? నీకేటి, మీవోళ్ళ మజ్జిలో ఉన్నావు. నా ఆరు పెట్టెల్నిండా పాతోలు, నన్ను నమిలీత్తారు. ఉజ్జోగం కూడా ఊడిపోతాది."

"తెలుసు వదినా."

"తెలుసంట! తెలిసీ అడగతంది సూడు!" ఆ మాట వెంటే ఆవిడ బ్రేకు కీచుమనడం వినబడింది. "ఆపీ. నానూ ఆపీసినాను. ఏటైనా ఇద్దరం కలిసే తిందాం తిట్లు."

ఆపాను. అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. మేస్త్రీ గారు రేడియోలో అరుస్తున్నారు. పానా మనిషి కింద నిలబడి నన్ను చూసి నోరు తెరిచాడు. పోనీ, వాడి తప్పేముంది.

కాసేపటికి, అక్కడే

జగన్నాయకులు గారు పట్టాల మీద పరిగెత్తుకుంటూ వచ్చి క్యాబినెక్కారు. విప్పేటప్పుడు వాలు కొలవడానికి ఆయన్ని కీలు దగ్గరే ఉంచారట. చేతిలో తాడుకు కట్టిన ఇనప గుండు ఉంది. తిట్టడానికే ఎక్కారు, కానీ అంతలోనే ఊరు మా వైపు వాలడం మొదలుపెట్టింది. ఆయన సీటు పట్టుకున్నారు.

వెనక ప్లాట్‌ఫారం మీదికి నీళ్ళొచ్చాయి. నిలబడినవాళ్ళ పాదాలు మునిగాయి, తర్వాత చీలమండలు. పెట్టెలో మావాళ్ళు లేచారు. పెద్దమ్మ క్యాబిన్ తలుపు బాదింది.

"తియ్యవే బండి! బాణం మన మీదుంది, మన బరువు తీసీయాల! మనవల్లే మునిగిపోనాదంటారే!"

"తియ్యను పెద్దమ్మా. కూకో."

"మసేనీ! నా మాటినవే!"

"ఒక్కరు కూడా లేవొద్దు! ఎక్కడున్నోళ్ళు అక్కడే కూకోండి! మునిగితే నేనూ మునుగుతాను!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కూర్చున్నారు. ఒక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి దాని నోరు మూసింది. నేను బ్రేకు మీద చెయ్యి తీయలేదు. భయం లేదంటే అబద్ధం.

నీళ్ళు అంతకంటే పైకి రాలేదు. ఆగాయి. తర్వాత వెనక్కి పోయాయి.

ఊరు అటు వాలింది. ఎల్లాజమ్మ గారి వైపు. రేడియోలో ఆవిడ పెట్టెల్లో జనం కేకలు, ఆవిడ అంతకంటే పెద్ద కేక. "కూకోండెహె! తలుపు తియ్యను! మీరు దూకితే నాను సూత్తాను, దూకండి!" కాసేపటికి ఆవిడే చెప్పింది. "మాకు పట్టాల దాకా వచ్చినాయి వియ్యపురాలా. పైకి రానేదు."

మళ్ళీ మా వైపు. ఈసారి నీళ్ళు ప్లాట్‌ఫారం అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. ఈసారి అంచు దాకా కూడా రాలేదు.

జగన్నాయకులు గారు ఎప్పుడో తిట్టడం మానేశారు. గుండు వేలాడదీసి దాన్నే చూస్తున్నారు. అది ఊగింది, ఇంకా కొంచెం ఊగింది, నిలబడింది. నా ప్రాణం కూడా దాంతోపాటే నిలబడింది.

"ఎవరైనా కదిలారా?" అని అడిగారు నెమ్మదిగా.

"ఎక్కడికి కదుల్తాం సార్? కదలనిస్తేనా?"

"ఆవలి బండి?"

"అక్కడా కదల్లేదు."

ఆయన ఉన్నపళంగా నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. "నా బోర్డులమ్మా! నా బోర్డులే! ముందు ఒకడి కాలికి తెలిసేది, ఒకావిడకు పప్పు కుండలో తెలిసేది, ఇంకొకడికి అసలు తెలిసేదే కాదు. కొందరు జరిగేవారు, కొందరు జరిగేలోపే ఊరు సర్దుకునేది. నేను ఊరందరికీ ఒక్కసారే చెప్పాను. ఊరంతా ఒక్కసారే అటు పరిగెత్తింది, మళ్ళీ ఒక్కసారే ఇటు పరిగెత్తింది. ఊపింది మీ తెప్ప కాదు. అందరి మంచితనమే ఊపింది. అందులోనూ మీది ఎక్కువ, మీరు బిందెలతో సహా వచ్చారు. సగం జనం అటు, సగం జనం ఇటు ఉన్నప్పుడు నువ్వు ఆపేశావు, అంతే, కుదిరింది."

"నాకు అదేమీ తెలియదు సార్. మరలు విప్పకూడదనే ఆపాను."

"ఆపావు కదా!" అంటూ ఆయన నా రేడియో లాక్కున్నారు. సభవాళ్ళతో మాట్లాడుతుంటే నేను రెండు చేతులతో నోరు మూసుకుని విన్నాను. బోర్డులన్నీ ఆర్పేయమన్నారు. విప్పే మనుషుల్ని పైకి రమ్మన్నారు. అవతలివాళ్ళు ఏదో అంటే గట్టిగా అన్నారు. "బరువు నేను తూచాను, వాలు నేను కొలిచాను, తప్పు నేను చేశాను. ఏడాది దాకా ఎందుకు, రేపే అతుకు వేసేవాళ్ళను పంపండి. సంతకం నాది." అవతలి నుంచి ఒక్క మాట వచ్చింది. పంపుతున్నామని.

నేను అరిచాను! ఏమని అరిచానో గుర్తులేదు. ఎల్లాజమ్మ గారు అటునుంచి "ఏటైనాది, ఏటైనాది, సెప్పవే!" అని నాకంటే గట్టిగా అరుస్తోంది. చెప్పాను. "హమ్మయ్య! అయితే నన్నింక నమల్రు" అని ఆవిడ ముక్కు చీదుకోవడం వినబడింది.

తలుపు తీసుకుని పెట్టెలోకి వెళ్ళాను. మావాళ్ళకు ఇంకా ఏమీ తెలియదు. కూర్చోమన్న చోటనే కూర్చుని నా ముఖం చూస్తున్నారు. పెద్దమ్మ బిందెను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఏటంటన్నాడే ఆ బాబు?"

"మన బరువు వల్ల కాదట పెద్దమ్మా. రేపు అతుకు వేస్తారట. మనం ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదట. ఉన్నచోట ఉంటే చాలట."

ఆవిడ నా మాట నమ్మలేదు. నన్ను దాటి నా వెనక నిలబడ్డ జగన్నాయకులు గారి వైపు చూసింది.

"నిజిమేనా బాబూ?"

"నిజమేనమ్మా."

"అయితే ఇది దించీయొచ్చా?"

ఆయన ముందుకు వచ్చి, వంగి, ఆవిడ ఒళ్ళోంచి బిందె అందుకుని కింద పెట్టారు. పెద్దమ్మ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకుంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, కాళ్ళు బారజాపుకుని, సీటుకు చేరబడింది.